చివరి పేజీలో లెక్క: ఒక సంఘ పత్రిక కేసు

ఒంగోల్లో నాది చిన్న డీటీపీ సెంటరు. అంతకుముందు ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌లో పద్దెనిమిదేళ్ళు డెస్కు మీద పనిచేశాను. ఆ పరిచయాల వల్ల పెళ్ళి కార్డుల వాళ్ళతో పాటు చిన్న పత్రికల వాళ్ళు కూడా వస్తుంటారు. పేజీలు పెట్టించుకోవడానికని వచ్చి, కూర్చున్నాక అసలు సంగతి చెబుతారు. అలా విన్న కేసుల్లో ఇదొకటి రాసి పెట్టాలనిపించింది. ఇందులో నేనిచ్చిన సలహా ఒకటి ఘోరంగా బెడిసికొట్టింది. నేను చాదస్తం అనుకుని కొట్టిపారేసిన పని ఒకటి పత్రికను నిలబెట్టింది.

ఇదంతా కొవిడ్‌కు ముందు సంగతి. ఏ ఊరో, ఏ సంఘమో చెప్పను. కొన్ని అంకెలు, వృత్తులు మార్చాను.

నేపథ్యం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సంఘం అంటే ఆదివారం ఆరాధన ఒక్కటే కాదు. అమెరికన్ బాప్తిస్టు మిషనరీలు శామ్యూల్ డే 1840లో నెల్లూరు వచ్చాక, జాన్ క్లౌ 1866లో ఒంగోల్లో మకాం పెట్టాక, బడి, హాస్టలు, ఆసుపత్రి, కాంపౌండు, సమాధుల స్థలం అన్నీ మిషన్ల చుట్టూనే పెరిగాయి. బాప్తిస్టులు, లూథరన్లు, కతోలిక్కులు, అడ్వెంటిస్టులు, పెంతెకోస్తులు అందరూ ఇక్కడున్నారు. మనవడి బాప్తిస్మం నుంచి తాత భూస్థాపన వరకు, బళ్ళో ఉద్యోగం నుంచి కాంపౌండులో కొట్టు అద్దె వరకు ఒకే కమిటీతో పని పడే కుటుంబాలు ఎన్నో. అలాంటి చోట కమిటీని ప్రశ్నించే పత్రిక పెట్టడమంటే ఇంట్లో కూర్చుని ఇంటి పెద్దతో తగువు పెట్టుకున్నట్టే.

పెట్టింది ముగ్గురు. రిటైరైన తెలుగు టీచరుగారు, బ్యాంకులో పనిచేసే ఒకబ్బాయి, ఒక యువ పాస్టరు. నెలకు ముప్పై రెండు పేజీలు, డెమ్మీ సైజు, ఐదు వందల కాపీలు. స్త్రీలు డీకన్లు (సంఘ పరిచారకులు) ఎందుకు కాకూడదు, ప్రభువు బల్ల దగ్గర కలిసి కూర్చున్నవాళ్ళు పెళ్ళి సంబంధాల దగ్గర మాల, మాదిగ అని ఎందుకు విడిపోతారు, కాంపౌండు ఆస్తుల లెక్క జనరల్ బాడీకి ఎందుకు చెప్పరు. ఇవీ వాళ్ళు రాయాలనుకున్నవి. సంఘం డబ్బు వద్దు, సంఘం అనుమతి వద్దు, కానీ సంఘాన్ని విడిచిపెట్టేది లేదు.

ఇలాంటివి బయట ఉన్నాయని టీచరుగారికి తెలుసు. అమెరికాలో సెవెంత్‌డే అడ్వెంటిస్టులలో 1969 నుంచి స్పెక్ట్రమ్, 1993 నుంచి అడ్వెంటిస్ట్ టుడే అని రెండు స్వతంత్ర పత్రికలున్నాయి. ఆ సంఘస్తులే నడుపుతారు, కానీ సంఘ కార్యాలయం కింద ఉండవు. "వాళ్ళు ఇన్నేళ్ళు నడపగలిగినప్పుడు మనమెందుకు నడపలేం?" అనేది ఆమె ధీమా.

వచ్చిన సమస్య

తొమ్మిది సంచికలయ్యాక నా దగ్గరికి వచ్చారు. చందాదారులు నాలుగు వందల పది మంది నుంచి రెండు వందల ముప్పైకి పడిపోయారు. రెండు ఊళ్ళలో పాస్టర్లు ప్రసంగంలోనే "ఆ పుస్తకం ఇళ్ళలోకి రానివ్వొద్దు" అన్నారు. ఒక ఊరి కట్ట విప్పకుండానే తిరిగొచ్చింది. ఇవన్నీ ఒకెత్తు, వకీలు నోటీసు ఒకెత్తు. అది టీచరుగారి చేతిసంచిలో మడతపెట్టి ఉంది.

"మన సిద్ధాంతం జనానికి రుచించడం లేదేమో అన్నా, కొంచెం తగ్గించి రాద్దామా?" అన్నాడు బ్యాంకు అబ్బాయి. జబ్బేదో తెలియకుండా మందేంటని తొమ్మిది సంచికలూ నా దగ్గర పెట్టి వెళ్ళమన్నాను.

రెండు రాత్రులు కూర్చుని చదివాను. ఉత్తరాల ఫైలు కూడా తెచ్చిచ్చారు. స్త్రీలు వాక్యం చెప్పడం మీద రాసిన వ్యాసానికి వ్యతిరేకంగా వచ్చినవి రెండే ఉత్తరాలు, అవీ మర్యాదగానే ఉన్నాయి. ఆదికాండం సృష్టి కథను అక్షరాలా తీసుకోనక్కర్లేదన్న వ్యాసానికి ఒక్క ఉత్తరం కూడా లేదు. గొడవంతా ఆరో సంచిక మూడో పేజీ దగ్గర మొదలైంది. "కాంపౌండులో కొట్లను 33 ఏళ్ళ లీజుకు ఇచ్చేశారని తెలిసినవారు చెబుతున్నారు" అని అందులో రాశారు. ఒక ఆఫీసు బేరర్ పేరు కూడా పెట్టారు. నోటీసు ఆయనదే.

"తెలిసినవారు ఎవరండీ?" అని అడిగాను. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు రెండో సంగతి బయటపడింది. పత్రిక మొదలుపెట్టడానికి అరవై వేలు ఒకాయన ఇచ్చాడు. అంతకుముందు జరిగిన కమిటీ ఎన్నికల్లో ఓడిపోయిన పెద్దమనిషి. లీజు మాట చెప్పిందీ ఆయనే. ఆయన పేరు పత్రికలో ఎక్కడా లేదు. కానీ బైండింగు చేసే కుర్రాడికి కూడా తెలుసు. మా ఊళ్ళలో అరవై వేల సంగతి దాగుతుందా?

ఆ ప్యానెల్ వాళ్ళ పత్రిక అని జనం అప్పటికే తేల్చేసుకున్నారు. సిద్ధాంతం దాకా ఎవరూ పోలేదు.

మానేసిన చందాదారులకు ఫోన్లు చేయమన్నాను. టీచరుగారు తొంభై మందితో మాట్లాడారు. సగం మంది అన్నది పైన చెప్పిందే. పదిహేడు మంది మాత్రం మాకు తట్టనే తట్టని కారణం చెప్పారు. పోస్టులో వచ్చే పత్రిక మీద పెద్దక్షరాలతో "క్రైస్తవ మాసపత్రిక" అని ఉంటోంది, ఇంట్లో ఎస్సీ సర్టిఫికెట్టు మీద ఉద్యోగం చేసేవాళ్ళున్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికి తప్ప ఎస్సీ హోదా లేదు. క్రైస్తవంలోకి మారిన దళితులను మన రాష్ట్రంలో బీసీ-సీ కింద ఒక శాతం కోటాలో పెట్టారు. పోస్ట్‌మ్యాన్ చేతిలో ఆ కవరు చూసి ఎవరైనా అర్జీ పెడితే? ఆ టెన్షన్ వాళ్ళకు కొత్త కాదు, వాళ్ళ నాన్నలకూ ఉండేది. పత్రికలో ఈ అన్యాయం మీదే మంచి వ్యాసం వచ్చింది. ఆ వ్యాసం మోసుకెళ్ళిన రేపరే వాళ్ళను భయపెట్టింది.

చేసి చూసినవి, కుదరనివి

ముందు పేరు సంగతి. పాస్టరు మొదట్నుంచీ సంఘం పేరు ముఖపత్రం మీద ఉండాలనేవాడు. ఆయన వాదన సబబే. అమెరికాలో కతోలిక్కుల స్వతంత్ర పత్రిక నేషనల్ కాథలిక్ రిపోర్టర్ 1964లో పుట్టింది. నాలుగేళ్ళకే అక్కడి బిషప్పు "కాథలిక్" అన్న మాట తీసేయమన్నాడు. వాళ్ళు తీయలేదు. ఆ మాట వదులుకుంటే మేం బయటివాళ్ళమని మేమే ఒప్పుకున్నట్టు అని మన పాస్టరు అనేవాడు. కానీ అక్కడ తీయమన్నది బిషప్పు, ఇక్కడ తీయమంటున్నది పాఠకులు. పాఠకులు భయపడుతుంటే ఆ మాట నిలబెట్టి సాధించేదేముంది? నెల రోజుల వాదన తర్వాత సంఘం పేరును లోపలి పేజీకి మార్చి, రేపరు మీద పత్రిక పేరు, రిజిస్ట్రేషన్ నంబరు మాత్రమే ఉంచాం.

ఇక్కడే ఇంకొకటి. "అభ్యుదయ" అన్న మాట పెడదామని బ్యాంకు అబ్బాయికి మహా కోరిక. ప్రకాశం జిల్లాలో అభ్యుదయం అంటే జనానికి ఎర్రజెండా గుర్తొస్తుంది, బైబిలు కాదు. వద్దన్నాను. ఏ మాటా లేకుండా రాసింది చదివి జనమే ఏ పేరు పెట్టుకుంటారో పెట్టుకోనివ్వమన్నాను.

తర్వాత నేను చేసిన తప్పు. ఒక వర్గం పత్రిక అన్న ముద్ర పోవాలంటే రెండు వర్గాల దగ్గరా ప్రకటనలు తీసుకోమన్నాను. దినపత్రిక బుద్ధి అది. ఇద్దరి దగ్గరా తీసుకుంటే తటస్థం అనుకునే అలవాటు. క్రిస్మస్ సంచికకు ఇరువైపుల పెద్దల శుభాకాంక్షల ప్రకటనలు వచ్చాయి, డబ్బూ బాగానే వచ్చింది. సంచిక విడుదలైన మూడో రోజు ఒకాయన నా షాపుకి వచ్చాడు. పత్రిక బల్ల మీద పరిచి, జేబులోంచి ఆరంగుళాల ప్లాస్టిక్ స్కేలు తీసి రెండు ఫొటోలూ కొలిచాడు. "మా అన్నది రెండుంపావు, ఆయనది రెండున్నర. ఏందబ్బయ్యా ఇది?" నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫొటో క్రాపింగులో వచ్చిన తేడా అది. సాయంత్రానికి అవతలి వాళ్ళ నుంచి కూడా ఫోను, తమ ప్రకటన ఎడమ పేజీలో ఎందుకేశారని.

వర్గాలున్న చోట రెండు పక్కలా డబ్బు తీసుకుంటే ఇద్దరికీ బాకీ పడతాం. ఆ మాట నాకు ముందే తట్టి ఉండాల్సింది. జనవరి నుంచి సంఘ పదవుల్లో ఉన్నవాళ్ళవీ, పోటీ చేసేవాళ్ళవీ ప్రకటనలు పూర్తిగా మానేశాం.

ఆకాశరామన్న ఉత్తరాల మీద చాలా రోజులు తర్జనభర్జన పడ్డాం. పేరు లేకుండా వేయకూడదన్నది నా పాత నియమం. టీచరుగారు ఒప్పుకోలేదు. "పేరు వేస్తే ఆ పిల్లకు మన బళ్ళో ఉద్యోగం ఉంటుందా?" అన్నారు. నిజమే. చివరికి మధ్యేమార్గం చూశాం. తనకు జరిగింది తాను చెప్పుకుంటే పేరు దాచవచ్చు, ఎడిటరుకు మాత్రం తెలియాలి. ఇంకొకరి మీద ఆరోపణ చేస్తే పేరు ఉండి తీరాలి. ఈ గీత గీశాక ఉత్తరాలు సగానికి తగ్గాయి. మిగిలినవి చదవదగ్గవి.

నోటీసు, సవరణ

నోటీసుకు జవాబు రాయడానికి ముందు నిజమేంటో తేల్చుకోవాలి కదా. ఏడాదికి మించిన లీజు ఏదైనా రిజిస్టరు కావాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతోంది. రిజిస్టరైతే ఈసీలో, అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఆస్తి లావాదేవీల పత్రంలో, కనపడుతుంది. ఈసీ ఎవరైనా తీయవచ్చు. ఆరు నెలల ముందు ఆ పని చేసి ఉంటే నోటీసే వచ్చేది కాదు. సర్వే నంబరు పెట్టి ఈసీ తీయిస్తే 33 ఏళ్ళ లీజు ఎక్కడా లేదు. కొట్ల వాళ్ళ దగ్గరున్నవి పదకొండు నెలల అగ్రిమెంట్లు, ప్రతిసారీ తిరగరాసుకుంటున్నవి. అయితే ఇద్దరు కొట్ల వాళ్ళు అడ్వాన్సు కట్టిన రసీదులు చూపించారు. ఆ అడ్వాన్సుల ఊసు జనరల్ బాడీలో చదివిన లెక్కలో లేదు.

అంటే అచ్చులో పడింది అబద్ధం. అడగాల్సిన ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

మా వకీలు ఒక మాట బాగా చెప్పారు. అప్పటి ఐపీసీ 499లో పరువు నష్టానికి మొదటి మినహాయింపు ఏంటంటే, రాసింది నిజమై ఉండాలి, అది బయటపెట్టడం ప్రజల మేలు కోసమై ఉండాలి. ఈ రెండూ కావాలి. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 356లో ఉంది. మన దగ్గర రెండోది ఉంది, మొదటిది లేదు.

నేను సవరణ వేయమన్నాను. బ్యాంకు అబ్బాయికి కోపం వచ్చింది. "తగ్గామంటే తొక్కేస్తారు." పాస్టరు ఏమీ మాట్లాడలేదు. టీచరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "పిల్లల నోటుబుక్కులో తప్పు దిద్దేదాన్ని, నా తప్పు దిద్దుకోలేనా?" అన్నారు. మూడో పేజీలో వచ్చిన తప్పుకు మూడో పేజీలోనే, అదే సైజు అక్షరాల్లో సవరణ వేశాం. 33 ఏళ్ళ లీజు అన్నది తప్పు, పేరు పెట్టడం తప్పు, అందుకు క్షమించమని అడుగుతున్నాం అని మొదటి పేరా. అడ్వాన్సు రసీదులు చూశాం, ఆ డబ్బు ఏ ఖాతాలో ఉందని అడుగుతున్నాం అని రెండో పేరా. ఆ రెండు పేరాలకు పదకొండు ప్రూఫులు తీశాను.

నోటీసు ఇచ్చినాయన కోర్టుకు వెళ్ళలేదు. సవరణ ఉన్న పేజీని జిరాక్సు తీయించి తనే పంచాడని విన్నాను. రెండో పేరాతో సహా.

అప్పటి నుంచి ఎవరి మీదైనా ఏదైనా రాసేముందు ప్రశ్నలు రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంటుతో పంపడం మొదలుపెట్టాం. పది రోజుల గడువు. జవాబు వస్తే ఒక్క అక్షరం కోయకుండా వేస్తాం. రాకపోతే సగం కాలమ్ ఖాళీగా వదిలి "సమాధానం రాలేదు" అని వేస్తాం. రెండుసార్లు ఖాళీ కాలమ్ వెళ్ళింది. మూడోసారి సంఘ సెక్రటరీ గారే స్వయంగా షాపుకి వచ్చారు, చంకలో అట్ట పుస్తకం. కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే పేజీలు తిప్పి, అడ్వాన్సులో కొంత చర్చి పైకప్పు రిపేరుకు పోయిన పద్దు చూపించారు. మిగతాదానికి పద్దు లేదు. "ఇంతవరకే నా హయాం" అన్నారు. ఆ మాట అలాగే వేశాం. తర్వాతి జనరల్ బాడీలో మిగతా దాని మీద చర్చ జరిగింది. ఏం తేల్చారన్నది వాళ్ళ సంగతి.

నిలబెట్టింది

డబ్బు సంగతి తేలకుండా ఇవన్నీ పైపూతలే. అరవై వేల సంగతి ఏం చేద్దామని కూర్చున్నాం. చప్పుడు చేయకుండా తిరిగిచ్చేద్దాం అన్నాన్నేను. అప్పుడు టీచరుగారు అన్నారు: "మా స్త్రీల సమాజంలో గుప్పెడు బియ్యం పోగేస్తాం గదా. పొయ్యి మీద ఎసరు పెట్టేముందు గుప్పెడు తీసి డబ్బాలో వేస్తారు. నెలాఖరున అమ్మి, ఎన్ని కేజీలు, ఎంత వచ్చింది, ఎవరికి ఇచ్చాం అని నిలబడి చదువుతాం. చదువు రాని ముసలమ్మ కూడా లెక్క తప్పితే పట్టేస్తుంది. అలాగే అచ్చేద్దాం."

పత్రికలో చివరి పేజీ అంటే నా లెక్కన అమ్ముకునే పేజీ. అక్కడ కాగితం ఖర్చు, పోస్టేజీ రాసుకోవడం చాదస్తం అనుకున్నాను. ఆ మాట పైకే అన్నాను కూడా. ఆమె వినలేదు.

మొదటి లెక్క వచ్చిన సంచికలో ఆ పెద్దమనిషి అరవై వేలు ఇచ్చిన సంగతి ఆయన పేరుతోనే వేశారు, ఆయన్ని అడిగే. విడతల వారీగా తీర్చేస్తున్నట్టూ వేశారు. ఇకముందు ఒక మనిషి దగ్గర ఏడాదికి వెయ్యి రూపాయలకు మించి తీసుకోబోమని కింద గీత గీసి రాశారు. పెద్దమనిషి ఒప్పుకున్నాడన్న మాటే గానీ ఆయన మొహం చూడలేకపోయాం. "నా చేత్తో పెట్టిన మొక్క" అన్నాడు. అదీ నిజమే.

డబ్బు చాలక ముప్పై రెండు పేజీలు పదహారయ్యాయి. పదహారు పేజీలు ఒకేసారి అచ్చయ్యే ఫారాలు రెండుకు బదులు ఒకటే, ప్లేట్లూ కాగితమూ సగం. రెండు నెలలకోసారి తెద్దామని బ్యాంకు అబ్బాయి అన్నాడు. అది కుదరదని చెప్పాను. అప్పటికి అమల్లో ఉన్న 1898 నాటి పోస్టాఫీసు చట్టం ప్రకారం పత్రికకు ఇచ్చే తక్కువ పోస్టేజీ కావాలంటే సంచికకూ సంచికకూ మధ్య 31 రోజులకు మించకూడదు. రెండు నెలల పత్రికైతే పోస్టేజీలోనే మునిగిపోతాం. (ఇప్పుడు చట్టాలు మారాయి. పత్రికల రిజిస్ట్రేషన్ కూడా 1867 చట్టం పోయి, 2024 మార్చి 1 నుంచి కొత్త చట్టం కింద ఆన్‌లైన్లోనే. కొత్తగా పెట్టేవాళ్ళు పాత పద్ధతిలో ఆఫీసుల చుట్టూ తిరగనక్కర్లేదు.)

చివరి పేజీని జనం ముందు చదువుతున్నారని మాకు తెలియడానికి మూడు నెలలు పట్టింది. ఒక నెల పోస్టేజీ కూడికలో నలభై రూపాయలు తేడా వచ్చింది. ఆ వారం పన్నెండు ఫోన్లు. కనిగిరి వైపు నుంచి ఒక ముసలాయన కార్డు ముక్క రాశాడు, కూడిక సరిచేసి. తిరిగి చేరినవాళ్ళలో ఎక్కువమంది ఆ తర్వాత వచ్చినవాళ్ళే. ఏడాది తిరిగేసరికి మూడు వందల నలభై. మొదటి నాలుగు వందల పది మళ్ళీ రాలేదు, ఇప్పటికీ.

రెండోది బైబిల్ స్త్రీల శీర్షిక. మిషన్ల కాలంలో పల్లెపల్లెకు నడిచి వెళ్ళి వాక్యం చెప్పినవాళ్ళు వీళ్ళు. మా నాయనమ్మ బైబిల్ స్త్రీ అని చెప్పుకునే ఇళ్ళు ఇక్కడ చాలానే ఉన్నాయి. ఫొటో ఉంటే పంపండి, కథ చెప్పండి అన్నాం. స్త్రీలు ప్రసంగించవచ్చా అని ఆరు పేజీల వ్యాసం రాసినప్పుడు కదలని వాళ్ళు పెట్టెలు తెరిచి ఫొటోలు తెచ్చారు. ఒకామె పంపిన కథలో వాళ్ళ అవ్వ, పాస్టరు లేని పల్లెలో రెండేళ్ళపాటు ఆదివారం ఆరాధన తానే నడిపింది. కింద ఆమె రాసిన వాక్యం ఒకటే: "అప్పుడు అడ్డం రాని ఆడతనం ఇప్పుడెందుకు వచ్చిందో పెద్దలు చెప్పాలి." మేం ఇంకేం జోడించలేదు.

అదే వరసలో 1878 జూలై 3 మీద ఒక సంచిక వేశాం. కరువు వెళ్ళీవెళ్ళని రోజుల్లో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన రోజు. అందరికీ తెలిసిన కథే. ఆ రోజు నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది క్లౌ దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున, అన్నది చాలామందికి గుర్తు లేదు. దాన్నే ముఖపత్రం మీద వేశాం. అంతకుముందు కట్ట విప్పకుండా తిప్పి పంపిన ఊరివాళ్ళే ఆ నెల ఇరవై కాపీలు అదనంగా అడిగారు.

తేలనిది

యువ పాస్టరు సంగతి. సంపాదక వర్గంలో ఆయన పేరు ఉంచాలా తీసేయాలా అన్నప్పుడు తీసేయమనే చెప్పాను. జీతం సంఘానిది, ఇద్దరు చిన్నపిల్లలు. ఆయన వినలేదు, "పేరు దాచుకుని నిజాయితీ గురించి రాయనా?" అన్నాడు. నాలుగు నెలల్లో దూరంగా వేశారు. కారణం పత్రిక అని ఎవరూ చెప్పలేదు, కాదని కూడా ఎవరూ చెప్పలేదు. ఆయన ఇప్పుడు రాయడం లేదు. గట్టిగా చెప్పి ఉంటే వినేవాడేమో. లేదా అలా చెప్పడమే తప్పా? ఈ ఒక్కదాంట్లో నాకింకా స్పష్టత లేదు.

పత్రిక నడుస్తోంది. పదహారు పేజీలు, చివరి పేజీలో లెక్క. మొన్నటి సంచికలో అప్పుల కింద "డీటీపీ వారికి: రూ. 3,200" అని వేశారు. పేజీ పెట్టింది నేనే, నా చేత్తోనే టైపు చేశాను. మర్నాడు టీ కొట్టు దగ్గర ముక్కూమొహం తెలియని ఒకాయన ఆపి అడిగాడు, "అన్నా, నీ మూడు వేల రెండొందలు ఇచ్చారా, ఇంకా లేదా?"